అరుగులేని భవనములు

కాలక్షేపమను మాటకు నేడు మనము చాల చిన్న అర్థము నిచ్చుచున్నాము. పని లేనివాడు ప్రొద్దుపుచ్చుట కాలక్షేపము. రైలు ఆలస్యమైనప్పుడు పత్రిక తిరగవేయుట కాలక్షేపము. మన తాతలనాడు ఆ మాటకు ఇంతకంటె గౌరవముండెను. సాయంకాలము పదిమంది కూడి పురాణము చెప్పించుకొనుట పురాణ కాలక్షేపము. తంజావూరు సీమలో హరికథకే ఆ పేరు. పందొమ్మిదవ శతాబ్దమున మరాఠీ కీర్తనకారులు తెచ్చిన పద్ధతి తమిళదేశమున హరికథా కాలక్షేపముగా స్థిరపడినది. తెలుగున ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) హరికథకు తమదైన రూపమిచ్చిరి. మూడు భాషలవారికి ఉమ్మడియైన ఆ మాటలో ఒంటరితనమునకు తావులేదు. కాలక్షేపమునకు ఒక వేళ కావలెను, ఒక చోటు కావలెను, ప్రక్కన మరొక మనిషి కావలెను.

ఈ వ్యాసమున మేము విమర్శింప బూనినది కావ్యమును గాదు, నాటకమును గాదు, భవనములను. తెలుగు నేలకు వెలుపల స్థిరపడిన మనవారు పలుచోట్ల చందాలు పోగుచేసి సమాజ మందిరములు, కళామందిరములు, గ్రంథాలయములు కట్టుకొనిరి. వాని వెనుక నున్న త్యాగమును మేము తక్కువ చేయము. కాని పుస్తకమును చదివి గుణదోషములు చెప్పినట్లే కట్టడమును కూడ చదువవచ్చును. ఈ కట్టడములలో మన వృద్ధులు ప్రతిదినము వచ్చి కూర్చుండు చోటు ఏది యని మా ప్రశ్న. దానికి దొరకిన సమాధానము తృప్తికరముగా లేదు.

ముందుగా మన పాత చోటును జ్ఞప్తికి తెచ్చుకొందము. వీథివాకిలికి ఇరుప్రక్కల, చూరు నీడలో, గోడనానుకొని కూర్చుండు ఎత్తున కట్టినది అరుగు. ఇది మనకొక్కరికే సొంతము కాదు. తమిళనాట దానికి తిణ్ణె యని పేరు. పుదుచ్చేరి తమిళ వీథులలో తిణ్ణెకు తోడు తాళ్వారమను వీథివసారా కూడ కలదు. కన్నడదేశమున ఇంటి ముందటిది జగలి. రావిచెట్టు చుట్టు కట్టినది అశ్వత్థకట్టె. మహారాష్ట్రమున ఇంటి ముందు ఓటా, చెట్టు చుట్టు పార్. ఒడిశాలో పిండా. యానామున మాత్రము గోదావరి జిల్లాల మాటయే, అరుగే. మన కుటుంబములు తరతరములుగా ఏ సీమలో స్థిరపడినను అచటి భాష నేర్చినవి, అచటి కూర నేర్చినవి. కాని వీథివాకిట కూర్చుండు చోటును మాత్రము క్రొత్తగా నేర్చుకొనవలసిన పని లేకపోయెను. ప్రతిచోటను అది వేరొక పేరుతో మనకై వేచియుండెను.

అరుగు చేసిన పని చిన్నది కాదు. అది ఇల్లును గాదు, వీథియు గాదు. ఇంటిలో పనులు జరుగుచుండగా అడ్డుగా నున్నానను సంకోచము అరుగుమీది ముసలివానికి లేదు. వీథిలోనికి దిగి నడువవలసిన శ్రమయు లేదు. పాలవాడు, ఉత్తరములవాడు, బడికి పోవు పిల్లలు, సంతకు పోవు పొరుగువారు అందరును అతని యెదుటనే నడచిపోవుదురు. ఎవరిని పిలువనక్కరలేదు, ఎవరును పిలువనక్కరలేదు. ఉపన్యాసము లేదు, అధ్యక్షుడు లేడు, కార్యక్రమ పత్రము లేదు. ఒక దినము రానివానిని గూర్చి మరునాడు అడుగుదురు. ఆ అడుగుటయే వృద్ధునికి పెద్ద మందు. పైగా అతడు అచట ఊరక కూర్చుండినట్లున్నను ఒక పని చేయుచునే యుండెను: ఇంటికి కావలి, పిల్లలకు కాపు, దారి తెలియనివారికి దారి. తాను ఇంకను అక్కరకు వచ్చుచున్నానను నమ్మకము అతనికి అరుగు ఇచ్చెను.

అయినను అరుగును మేము స్వర్గముగా వర్ణింపము. దానికి రెండు పెద్ద దోషములు గలవు. మొదటిది, అది మగవారి చోటు. ఆడువారి ముచ్చట్లు పెరటిలోనో, బావికడనో, వంటయింటి వెనుకనో జరిగెను. బావి పోయి కుళాయి వచ్చినప్పుడు మగవారి అరుగు చెడలేదు గాని ఆడువారి కూటమి చెదరిపోయినది. దానికై విలపించిన వ్యాసములు మాకు ఎక్కువగా కానరాలేదు. రెండవది, ఊరి రచ్చబండయైనను, పెద్దయింటి అరుగైనను అందరికిని కూర్చుండు హక్కునిచ్చినది కాదు. ఎవరు పైన కూర్చుండవలెనో, ఎవరు క్రింద నిలువవలెనో కులము నిర్ణయించెను. కనుక పాత అరుగును ఉన్నదున్నట్లు తిరిగి కట్టుడని మేము చెప్పము. దాని గుణమును తీసికొని దోషమును విడువవలెను.

ఇక మన భవనములను చూతము. చాలవఱకు నమూనా యొకటే. క్రింద భోజనశాల లేక వాహనములు నిలుపు తావు; మెట్లెక్కినచో పెద్ద సభామందిరము, ఎత్తైన రంగస్థలము, వెనుక రెండు అలంకరణ గదులు; ఇంకను పైకి పోయినచో కార్యాలయము, దాని ప్రక్క బీరువాలలో బిగించిన గ్రంథాలయము. ముహూర్తముల కాలమున మందిరము పెండ్లిండ్లకు అద్దెకు పోవును. ఆ అద్దెతోనే భవనము నిలుచుచున్నది గనుక దానిని తప్పుపట్టుట న్యాయము కాదు. ముహూర్తములు లేని దినములలో తలుపునకు తాళము. ఉగాదికి, సంక్రాంతికి, వార్షికోత్సవమునకు, నాటక ప్రదర్శనమునకు తాళము తీయుదురు. అనగా ఈ భవనములు పండుగ కొఱకు కట్టినవి, దినము కొఱకు కట్టినవి కావు. సంవత్సరమున పది దినములు వేయిమందికి పనికివచ్చు నిర్మాణమునకు మనము ధనమంతయు వెచ్చించితిమి. తక్కిన దినములలో ఇరువదిమందికి పనికివచ్చు వసారా నొకదానిని మరచితిమి. వృద్ధుని అవసరము పండుగ కాదు. పండుగనాడు ఇంటిలోనే పదిమంది యుందురు. అతనికి బరువైనది మామూలు మంగళవారము మధ్యాహ్నము మూడు గంటలు.

మేము చూచిన యొక సంగతి చెప్పెదము. ఒకానొక పట్టణమున తెలుగువారి ఉగాది సభ. చుట్టుప్రక్కల పిల్లలకు ఏండ్ల తరబడి తన యింటి ముందుగదిలో అక్షరములు దిద్దించిన యొక పెద్దావిడకు ఆనాడు సన్మానము. సభామందిరము మేడమీద. ఆమెను కుర్చీతో సహా నలుగురు యువకులు పైకి మోసికొని వచ్చిరి. రంగస్థలమునకు అయిదు మెట్లు, పట్టుకొనుటకు కడ్డీ లేదు. ఇద్దరు చెరియొక చేయి పట్టి ఎక్కించిరి. శాలువ కప్పిరి, చప్పట్లు కొట్టిరి, పద్యములు చదివిరి. దింపిన పిమ్మట ఆమె మా ప్రక్కన కూర్చుండి ఆయాసము తీర్చుకొని మెల్లగా అన్నది: "శాలువ బాగానే ఉంది నాయనా. ఆ మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక కడ్డీ వేయిస్తే ఇంకా బాగుండేది. నేను ఇక్కడికి మళ్లీ ఎప్పుడొస్తానో." ఆ సభలో జరిగిన ఉపన్యాసములలో మాకు జ్ఞాపకమున్నది ఆ మాట యొక్కటే. గౌరవమును మనము శాలువగా ఇచ్చుటకు అలవాటుపడితిమి. కడ్డీగా ఇచ్చుట నేర్వలేదు.

మన భవనము కాకున్న ఊరి ఉద్యానమున్నది గదా యని కొందరందురు. ఉద్యానము మేలైనదే. మదరాసు త్యాగరాయనగరములోని పానగల్ పార్కు తెలుగు చలనచిత్ర రచయితలకు ఒకనాడు సాయంకాలపు కూటమియై యుండెను. మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన పానగంటి రామరాయణింగారి పేరు వహించిన ఆ తోటలో తెలుగు మాట చాలకాలము వినబడినది. కాని నేటి ఉద్యానములు చాలవఱకు నడకకు ఏర్పడినవి, కూర్చుండుటకు గాదు. చుట్టును నడకదారి, దాని ప్రక్కన వరుసగా సిమెంటు బల్లలు. బల్లలన్నియు ఒకే దిక్కునకు చూచుచుండును. ఒకదానిపై ముగ్గురు కూర్చుండినచో నడుమవాడు ఇరువైపులకు తల త్రిప్పి మెడ నొప్పి తెచ్చుకొనవలెను. చెవి మందగించినవానికి ప్రక్కవాని పెదవులు కనబడవు. వీపునకు ఆనిక లేదు, లేచునప్పుడు ఊతకు చేయి లేదు. కొన్ని నగరములలో పగటివేళ ద్వారము మూయుటయు కలదు. విలియం వైట్ అను పరిశీలకుడు న్యూయార్కు నగరపు చిన్న కూడళ్లలో జనులు కూర్చుండు తీరును చలనచిత్రములుగా తీసి పరిశీలించి 1980లో ఒక పుస్తకము ప్రకటించెను. కూర్చుండుటకు వీలున్న చోటనే జనులు కూర్చుందురనియు, కదల్ప వీలైన కుర్చీ నిచ్చినచో కొంచెము జరిపియైనను దానిని తమదిగా చేసికొందురనియు అతడు చూపెను. ఇది మన అరుగుమీది ముసలివారికి తెలియని విషయము కాదు. వారు చాపను నీడవెంట జరుపుకొనుచునే యుండిరి.

క్రొత్తగా వచ్చిన గృహసముదాయములలో క్లబ్బు హౌసు అని యొకటి కట్టుచున్నారు. అందు వ్యాయామశాల కలదు, ఈతకొలను కలదు. పెద్దవారికని ఒక గది కేటాయించినచో అది సాధారణముగా ఏ మూలనో, కిటికీ గోడవైపు తెరచుకొనునదై యుండును. లోపల చదరంగపు బల్ల, టెలివిజను. వారమునకే ఆ గది నిర్మానుష్యమగును. దీనికి కారణము వృద్ధుల సోమరితనము కాదు. వారిని లోకమునుండి వేరుచేసి, వారిలో వారినే చూచుకొనుడని కూర్చుండబెట్టితిమి. అరుగు వారికి వీథిని చూపెను. ఈ గది గోడను చూపుచున్నది. మహారాష్ట్ర నగరములలో జ్యేష్ఠ నాగరికులకై విరంగుళా కేంద్రములను నెలకొల్పుచున్నారు. విరంగుళా యనగా మనసున కూరట. పేరు చక్కనిది, సంకల్పము చక్కనిది. అవి ఇంటినుండి నడచిపోదగినంత దగ్గరగా నుండి, లోనివారికి బయటి రాకపోకలు కనబడునంతవఱకు ఆ పేరును సార్థకము చేసికొనగలవు.

ఇంతకును ఇది కొందరి సౌకర్యమునకు సంబంధించిన చిన్న విషయము కాదా యని అడుగవచ్చును. కాదు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున అరువది యేండ్లు నిండినవారు 10 కోట్లకు మించియుండిరి. అనగా నూటికి 8 మందికి పైన. మనము స్థిరపడిన తమిళనాడు, మహారాష్ట్రము, ఒడిశా, కర్ణాటకము నాలుగింటను ఈ పాలు దేశపు సగటును మించినదే. తమిళనాట నూటికి 10 దాటినది. అటుపిమ్మట సంఖ్య పెరిగినదే గాని తరుగలేదు. కాని మావంటి కుటుంబములకు సంఖ్యకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి గలదు.

మన పెద్దలకు చుట్టుప్రక్కల భాష రాక కాదు. తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో వారు తమ ఈడువారితో సమానముగా మాటాడుదురు. బజారులో, వైద్యునికడ వారికి లోటు లేదు. లోటు మరొక చోట నున్నది. కొడుకులు, కోడండ్రు ఉద్యోగపు భాష మాటాడుదురు. మనుమలు బడిభాష మాటాడుదురు. ఇంటిలో తెలుగు మాటాడుకొనువారు భార్యాభర్తలిద్దరే మిగులుదురు. వారిలో ఒకరు పోయినచో రెండవవారికి భార్యయో భర్తయో పోవుటతో పాటు మాటాడు భాషయు పోవును. పుట్టినది మొదలు అలిగిన భాష, నవ్విన భాష, దేవునికి దండము పెట్టిన భాష ఉన్నట్టుండి నోటిలోనే నిలిచిపోవును. ఈ దుఃఖమును మన సభలలో ఎవరును తీర్మానముగా ప్రవేశపెట్టలేదు.

దీనికి మరియొక ముఖము గలదు. తమిళనాట 2006 నాటి చట్టము ననుసరించి ఒకటవ తరగతి మొదలు దశలవారీగా తమిళము తప్పనిసరి పాఠ్యభాషయైనది. ఉన్నచోటి భాష నేర్చుట మన ధర్మము. దానిపై మాకు పేచీ లేదు. బడిలో తెలుగునకు చోటు తగ్గినకొలది ఇంటి పెద్దల నోటి తెలుగునకు విలువ పెరిగినదని మాత్రము చెప్పుచున్నాము. హోసూరు, మధుర, కోవిల్‌పట్టి ప్రాంతములలో ఎన్నో కుటుంబములవారు తెలుగు చక్కగా మాటాడుదురు గాని లిపి ఎరుగరు. వారి సామెతలు, వారి వరుసల పిలుపులు, పొలము పనుల మాటలు ఏ పుస్తకమునందును లేవు. డెబ్బది దాటినవారి నాలుకపై నున్నవి. వారికి బీరువాలోని గ్రంథములు చాలవు. మాటాడు చోటు కావలెను. యానామున వీథియంతయు తెలుగే గనుక అచట సమస్య భాష కాదు, కేవలము చోటు. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన ఆ చిన్న పట్టణమున గౌతమీ గోదావరి గట్టు సాయంకాలము పెద్దలను పిలుచుచునే యుండును. గట్టువరకు నడువలేనివారి మాటేమి?

చోటును, వేళను, మాటను కలిపిన నమూనా కొఱకు మనము దూరము పోనక్కరలేదు. ఒడిశా పల్లెలలో భాగవత టుంగి యను చిన్న కట్టడము గలదు. పదునారవ శతాబ్దమున జగన్నాథదాసు ఒడియాలో రచించిన భాగవతమును సాయంకాలము అచట చదువుదురు, ఊరివారు విందురు. చదువు రానివారును విని విని పద్యములు నేర్చిరి. ఊరి మంచిచెడ్డలును అచటనే మాటాడుకొనిరి. దానికి రంగస్థలము లేదు, మేడ లేదు. ఒక దీపము, ఒక గ్రంథము, కూర్చుండుటకు నేల. గంజాము, కొరాపుట్టు సీమల మన తెలుగువారు దీనిని కన్నులార చూచినవారే. పోతన భాగవతము మన యిండ్లలో లేకపోలేదు. దానికొక టుంగి మనము కట్టుకొనలేదు.

ఇక కట్టవలసిన తీరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వృద్ధులకు అనువైన నగరములను గూర్చి ఒక మార్గదర్శి ప్రకటించినది. 33 నగరములలో, మన ఢిల్లీ, ఉదయపురములతో సహా, వృద్ధులనే అడిగి దానిని కూర్చిరి. అందు వృద్ధులు ప్రస్తావించినవి గొప్ప గొప్ప సౌధములు కావు. కూర్చుండుటకు బల్లలు, దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్డి, జారని నడకదారి. మన దేశమునను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, 2021లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన సుగమ్య నిర్మాణ మార్గదర్శకములు అమలులో నున్నవి. వానిలోని కొలతలు కష్టమైనవి కావు. మెట్టు ఎత్తు ఆరంగుళములు మించరాదు. పాదము మోపు వెడల్పు అడుగు తగ్గరాదు. ఇరుప్రక్కల చేతికడ్డీ యుండవలెను. ర్యాంపు అని పిలుచు వాలుబాటకు ఒక అడుగు ఎత్తునకు పన్నెండడుగుల పొడవు కావలెను. అనగా రెండడుగుల ఎత్తు పునాదికి 24 అడుగుల బాట. చాలచోట్ల స్థలము లేదని ఆరేడడుగులలో ముగించి, ఉన్నదనిపించుకొనుట చూచుచున్నాము. అట్టి నిలువుబాటపై చక్రముల కుర్చీ ఎక్కదు. చేతికఱ్ఱతో దిగువాడు ముందునకు తూలును. అట్లు కట్టుటకంటె పునాది ఎత్తునే తగ్గించుట మేలు.

గడప విషయమున మన ఆచారము గమనింపదగినది. ఇంటి గడపకు పసుపు పూయుదుము. ఆచారమునకు కారణము వేరైనను, నల్లని నేలపై పచ్చని గీత కంటికి కొట్టవచ్చినట్లు కనబడును. చూపు తగ్గినవారికి మెట్టు అంచున వేరు రంగు పట్టీ వేయుడని నేటి నిర్మాణవేత్తలు చెప్పునది ఇదియే. సభాభవనమునకు గడప లేకుండుట ఉత్తమము. ఉన్నచో పసుపుపచ్చగా నుంచుడు. నేలకు అద్దమువలె మెరయు పలకలు వేసి గొప్పగా చెప్పుకొనుచున్నాము. తడి పాదమునకు అవి శత్రువులు. గరుకైన రాయి చవుకయును, క్షేమకరమును.

చెవిని గూర్చి మన నిర్మాతలు బొత్తిగా తలపరు. వయసుతో మొదట పోవునది సన్నని ధ్వనుల వినికిడి. తకారము, సకారము వంటి హల్లులు జారిపోవును. అచ్చులు మాత్రము వినబడును. ఉత్త గోడలు, ఉత్త నేల, ఎత్తైన కప్పు గల మందిరమున ప్రతిధ్వని ఒక మాటపై మరొక మాటను పోయును. అందుచేతనే పెద్దలు సభలో తల యూపుచుందురు గాని ఏమి విన్నారని అడిగినచో చెప్పలేరు. గట్టిగా మైకు పెట్టుట దీనికి విరుగుడు కాదు. కప్పు తక్కువ ఎత్తున నుండుట, నేలపై కొబ్బరిపీచు చాపలు, గోడలకు పుస్తకముల అరలు, కిటికీలకు దళసరి తెరలు, ఎదురెదురుగా కూర్చుండుటకు గుండ్రని బల్ల, ఇవి విరుగుడు. కంటి సంగతియు నిట్టిదే. వెలుతురు ప్రక్కనుండి పుస్తకముపై పడవలెను. ఎదుటి కిటికీనుండి కన్నులలో పొడువరాదు. కుర్చీ ఎత్తు పదునెనిమిది అంగుళములు, వీపునకు ఆనిక, ఇరువైపుల చేతులు. మరుగుదొడ్డి కూర్చున్నచోటినుండి కనబడవలెను. అది దూరమైనచో ఎందరో పెద్దవారు, ముఖ్యముగా స్త్రీలు, ఆ భయముచేతనే ఇల్లు కదలరు. అడిగినచో మోకాళ్ల నొప్పి యని చెప్పుదురు.

స్త్రీల మాట వచ్చినది గనుక మరికొంత చెప్పవలెను. షోలాపురమున మన పద్మశాలి కుటుంబముల స్త్రీలు బీడీలు చుట్టుచు తరములు గడపిరి. చేతులు పనిలో నుండగా నోటికి తీరిక యుండెను. అటువంటివారిని వట్టి కుర్చీలో కూర్చుండుడనినచో ఏమియు తోచదు. చేతికి ఏదైన పని యున్న చోటనే వారికి విశ్రాంతి. కనుక మనము కట్టు వసారాలో పూలు కట్టుటకు, కూరలు తరుగుటకు, బట్ట కుట్టుటకు వీలైన బల్ల యొకటి, నీళ్లతొట్టి యొకటి, కాఫీ కాచుకొను పొయ్యి యొకటి ఉండవలెను. సభామందిరమునకు వంట ఎవరో చేయుదురు. వసారాకు వంట వచ్చినవారే చేసికొందురు.

ఆటలును అట్టివే. హంపి మంటపముల రాతినేలపై చెక్కిన ఆటగళ్లు నేటికిని కనబడును. ఆనాటి శిల్పి కట్టడములో కాలక్షేపమునకు చోటు విడిచెను. మన వామనగుంటలు తమిళులకు పల్లాంగుళి, కన్నడిగులకు అళగుళిమణె. మన పులిమేక వారికి ఆడుపులి ఆట్టము. వసారా నేలపై ఈ గళ్లు నాలుగు చెక్కించినచో ఖర్చు స్వల్పము. పొరుగింటి తమిళావిడయో, కన్నడావిడయో వచ్చి కూర్చుండును. మన పెద్దల స్నేహములు ఏనాడును ఒక భాషకు కట్టుబడినవి కావు. ఆ చోటు తెలుగువారిదై యుండియు అందరిని రమ్మనునదిగా నుండవలెను. పిల్లలను పిలువనక్కరలేదు, ఆట కనబడినచో వారే వత్తురు. ఆదివారపు తెలుగు తరగతిని పై అంతస్తున నల్లబల్ల ముందు పెట్టుటకంటె ఆ వసారా ప్రక్కనే పెట్టినచో, "ఇది ఎవరి పంట?" "నా గుంట నిండింది తాతయ్యా" అను మాటలలో భాష దానంతట అదే చేరును. గుణింతము పంతులు నేర్పును. పలుకుబడి తాత నేర్పును.

ధనమెక్కడిదని కార్యదర్శులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని మేము క్రొత్త భవనము నడుగుటలేదు. ఉన్నదానిలో వీథివైపు గోడనొకదానిని తెరపించి, ఆవల పది పన్నెండడుగుల వెడల్పున కప్పు వేయించి, ప్రతిదినము నియమితవేళ తలుపు తీయుడని కోరుచున్నాము. ఒక దీపాల వరుసకో, వార్షికోత్సవపు అలంకారమునకో అగు ఖర్చులోనే కడ్డీలు, చాపలు, కుర్చీలు వచ్చును. అసలు కష్టము ధనము కాదు, నిత్యత్వము. పండుగ చేయుటకు ఉత్సాహము చాలును. ప్రతిదినము మూడు గంటలకు తాళము తీయుటకు ఓర్పు కావలెను. తాళముచెవిని కార్యదర్శి జేబులో నుంచక, అచటికి రోజును వచ్చు పెద్దలలో ఒకరి చేతి కిండు. ఆ చెవి వారి చేతిలో నున్న దినమున వారు అతిథులు గారు, గృహస్థులు. అరుగు కోల్పోయి వారు కోల్పోయిన పదవి అదియే.

ఈ సంచికను చేతబట్టిన ప్రతి కుటుంబమునందును డెబ్బది దాటినవారొకరుందురు. లేనిచో కొంతకాలమునకు మనమే ఉందుము. వచ్చే ఉగాది ఆహ్వానపత్రికలు అచ్చునకు పంపకముందు మన కార్యవర్గములవారు ఒక చిన్న పని చేయవలెనని మా ప్రార్థన. ఇంటిలోని పెద్దవారిని చేయిపట్టుకొని తమ భవనపు వీథిద్వారమునుండి సభామందిరమువరకు, అచటినుండి మరుగుదొడ్డివరకు, మరల వీథివరకు ఒక్కమారు నడిపించుడు. ఎచ్చట నిలిచిరో, ఎచ్చట మీ భుజము గట్టిగా పట్టుకొనిరో ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఆ కాగితమే మీ ఊరి భవనమును గూర్చిన నిజమైన విమర్శ. మేము ఇంతసేపు వ్రాసినది దానికి పీఠిక మాత్రమే.